వెనక దీపం

పుదుచ్చేరి ఊరికి పడమటి అంచున మేట్టుపాళయం ఉంది. పారిశ్రామికవాడ షెడ్లూ, లారీల టెర్మినలూ ఉన్న పేట. పగలు లేతుల మోత, రాత్రి లోడు దించే కూలీల కేకలు. ఆ పేటలో ఒక వంట మేస్త్రీ కాపురం ఉండేవాడు. పుట్టింది యానాంలో. ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల దూరాన గౌతమి ఒడ్డున ఉన్నా, యానాం పుదుచ్చేరి పాలన కిందిదే. అందుకని ఉద్యోగాల మీద కొందరు, జిప్మర్ ఆసుపత్రి పనుల మీద కొందరు, పిల్లల చదువుల కోసం కొందరు అక్కణ్ణించి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల ఇళ్లలో పెళ్లి కుదిరితే ముందు ముహూర్తం పెట్టించుకునేవారు, ఆ వెంటనే ఈ మేస్త్రీకి కబురు పెట్టేవారు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం, పూర్ణం బూరె చిట్లకుండా నూనెలోంచి తియ్యడం ఆయన చేతిలో విద్య.

తమిళుల పెళ్లిళ్లు చాలావరకు పొద్దుటిపూటే అయిపోతాయి. మనవాళ్ల ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో పడతాయి. కనుక మేస్త్రీ రాకపోకలన్నీ చీకట్లోనే. ఆయన బండి పాత అంబాసిడర్, మార్క్ 3. ఉత్తరపారాలో ఆ కారు తయారీ 2014లో ఆగిపోయేనాటికే దానికి ముప్పై అయిదేళ్ల వయసు. అమ్మెయ్యమని ఎవరు చెప్పినా ఆయన వినలేదు. రెండు డేగిసాలు, ఒక గంగాళం, బూరెల మూకుడు, గరిటెల మూట అన్నీ డిక్కీలో పడతాయి. ముందు ముగ్గురు, వెనక నలుగురు సర్దుకుంటే కూర్చోవచ్చు. ఇంట్లోనే ఉండే అల్లుడు బండి తోలేవాడు. మేస్త్రీ పక్కన కూర్చుని మర్నాటి సరుకుల పట్టీ నోటితో లెక్క వేసుకునేవాడు.

ఒక మాఘమాసపు రాత్రి తిరుక్కనూరు వైపు పెళ్లి వంట ముగించుకుని తిరిగి వస్తున్నారు. చెరకు కొట్టే రోజులు. ఎదర రోడ్డు మీద ఏదో నల్లగా అడ్డం ఉన్నట్టు అల్లుడికి అనుమానం వచ్చేలోపే దగ్గరికొచ్చేసింది. చెరకు ట్రాక్టరు. ట్రైలరు వెనక దీపం లేదు, ఎర్ర బిళ్లా లేదు. పక్కలకి వేలాడుతున్న చెరకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. అల్లుడు రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బండి చెరకు గడలకి మూరెడు దూరంలో ఆగింది. వెనక డేగిసాలో మిగిలిన పులుసంతా డిక్కీలో పారింది.

ఇంటికొచ్చాక ఎవరికీ నిద్ర పట్టలేదు. మేస్త్రీ భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ఏవండీ, ఆ దీపాలు ఎప్పుడన్నా సరిగ్గా వెలిగాయా? పసుపు నీళ్లు చల్లినట్టు ఉంటుంది రోడ్డంతా" అంది.

"అందుకే చెబుతున్నా తాతయ్యా" అన్నాడు మనవడు. "బంపరు మీద రెండు పెద్ద లైట్లు వేయిద్దాం. టాపు మీద ఎల్‌ఈడీ బారు ఒకటి. పగల్లా అయిపోతుంది."

"రివర్సు లైటు కూడా పెట్టించాలి మావయ్యా" అన్నాడు అల్లుడు. "కల్యాణమండపాల వెనక సందుల్లో బండి వెనక్కి తియ్యాలంటే ఎవడో ఒకడు దిగి కేకెయ్యాల్సి వస్తోంది."

"డిక్కీలో ఓ దీపం పెట్టించండి" అంది ఆవిడ. "గరిటె ఎక్కడుందో, జల్లిడెక్కడుందో చేత్తో తడుముకోవాలి. మొన్న వేడి మూకుడు చెయ్యి కాల్చింది."

"కరెంటు పోయినప్పుడు వంట పాకలో వేలాడేసుకోవడానికి బండి లోంచి ఒక లైటు వస్తే బాగుణ్ణు అయ్యగారూ" అన్నాడు పాత్రలు తోమే కుర్రాడు గుమ్మంలోంచి.

మేస్త్రీ అందరి మాటా విన్నాడు. ఎవరడిగిందీ కాదనదగ్గది కాదు.

మర్నాడు మనవడు బండిని ఊళ్లో అలంకార సామాన్లు అమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు. పొద్దున ఇచ్చిన బండి మధ్యాహ్నానికి తయారైపోయింది. బంపరు మీద నూరేసి వాట్ల దీపాలు రెండు, టాపు మీద నూట ఇరవై వాట్ల బారు, డిక్కీలో ఒకటి, వెనక ఒకటి. సాయంత్రం ఇంటి ముందు అన్నీ ఒక్కసారి వెలిగించేసరికి వీధి వీధంతా బయటికొచ్చింది. ఎదురింటి గోడ మీద పాకే బల్లి కూడా కనబడింది. మనవడి మొహం చూసి మేస్త్రీకి సంతోషమే కలిగింది.

రెండు రోజుల తర్వాత మళ్లీ పెళ్లి వంటకి బయల్దేరారు. ఊరు దాటాక మనవడే స్విచ్చి నొక్కాడు. రోడ్డు పక్క తాటిచెట్ల మట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనబడ్డాయి. కాసేపటికి ఎదురుగా మోపెడ్ మీద ఒకాయన వచ్చాడు. బండికి అటూ ఇటూ పాల క్యాన్లు. ఆయన ఒక చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు, బండి ఊగింది, మట్టిలోకి దిగి ఒరిగిపోయింది. అల్లుడు ఆపి పరుగెత్తాడు. మోకాలు దోక్కుపోయింది తప్ప పెద్ద దెబ్బ తగల్లేదు. పాలు మాత్రం పోయాయి. ఆయన లేచి బట్టలు దులుపుకుంటూ తమిళంలో అన్న మాట ఒక్కటే: "నీ వెలుగులో నాకు దారి కనబడలేదయ్యా." మేస్త్రీ పాల డబ్బులు ఇచ్చి, దణ్ణం పెట్టి, బండెక్కి, "ఆర్పెయ్యరా ఆ పైవి" అన్నాడు.

విల్లుపురం రైలు మార్గం గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. ఇంజను నెమ్మదించగానే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. అదెప్పుడూ ఉండేదే. కానీ హెడ్‌లైట్లు చూస్తూండగానే ఎర్రబారిపోయాయి. గేటు తీశాక, మళ్లీ చీకటి రోడ్డు మీద పడ్డాక, మనవడు ఆగలేక బంపరు దీపాలు వేశాడు. ఫర్లాంగు పోయారో లేదో స్టీరింగు కింద రబ్బరు కాలిన వాసన. తర్వాత పొగ. తర్వాత అన్నీ ఒక్కసారే పోయాయి. ముందువి, వెనకవి, లోపలిది కూడా.

నడిరోడ్డు మీద నల్లటి బండి. అటూ ఇటూ చెరకు తోటలు. వెనక ఎక్కడో లారీ వస్తున్న చప్పుడు. "దిగండి, దిగండి, అందరూ మట్టిలోకి దిగండి" అని మేస్త్రీ కేకలు వేశాడు. మనవడు సెల్‌ఫోను దీపం వెలిగించుకుని వెనక్కి పరుగెత్తాడు. చెయ్యి తలపైకెత్తి ఊపుతూనే ఉన్నాడు. లారీ హారన్ కొట్టుకుంటూ, పక్కకి కోసుకుంటూ, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. కుర్రవాడి చెయ్యి చాలాసేపటి వరకు దిగలేదు.

ఆ తెల్లవారి తాడు కట్టి లాగించుకొచ్చి, లారీల టెర్మినల్ దగ్గర ఒక ఎలక్ట్రీషియన్ పాక ముందు బండి నిలిపారు. ఆయన తమిళుడు, వయసు మళ్లినవాడు. ఆంధ్రా లారీలు బాగుచేసీ చేసీ తెలుగు పట్టుబడింది. మనవడు గబగబా కొత్త దీపాల సంగతి చెప్పబోయాడు. ఆయన వాటికేసి చూడనే లేదు. కాలిన తీగలు తీసేసి, పాత హెడ్‌లైట్లకి తాత్కాలికంగా తీగ కలిపి వెలిగించాడు. మీటరు తెచ్చి ముందు బ్యాటరీ మొనల మీద పెట్టాడు. 12.2. తర్వాత హెడ్‌లైటు డొప్ప విప్పి, బల్బు వెనక మొనల మీద పెట్టాడు. 10.4.

"చూడు తంబీ, దాదాపు రెండు వోల్టులు దారిలో పోయాయి. ఎవరు తిన్నారో పట్టుకుందాం."

మీటరు ఒక సూది బల్బు ఎర్తు మొన మీద, రెండో సూది బ్యాటరీ ఎర్తు మొన మీద పెట్టాడు. సున్నకి దగ్గరగా ఉండాల్సిన చోట 1.1 చూపించింది. ఆయన బంపరు వెనక తల దూర్చి, దీపం ఎర్తు తీగ బాడీకి బిగించిన మర విప్పాడు. తీగ చివరి రింగు మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుపోయింది. దాని కింద ఇనుము తుప్పు పట్టి పొరలు లేచింది. గోటితో గీకితే రాలింది. సముద్రం దగ్గరి ఊరు, గాలిలో ఉప్పు, ఆపైన వారం వారం డిక్కీ కడిగిన నీళ్లు. ఆయన ఎమరీ కాగితంతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, కొత్త రింగు వేసి, బిగించి, పైన వాజలిన్ రాశాడు. అదే పని రెండో దీపానికీ, ఇంజను నుంచి బాడీకి వచ్చే జడతీగకీ చేశాడు. హెడ్‌లైట్ల కరెంటు స్విచ్చి గుండా, కాలితో తొక్కే డిప్పరు గుండా తిరగకుండా బ్యాటరీ దగ్గర్నుంచి కొత్త తీగ లాగి, రిలేలు పెట్టాడు. ఎడమ దీపానికి ఒక ఫ్యూజు, కుడి దీపానికి ఒకటి. ఇప్పుడు స్విచ్చి వేస్తే రిలే "టక్" మంది. మీటరు 11.9 చూపింది. పాక గోడ మీద పడిన వెలుగు చూసి మేస్త్రీ దగ్గరికి నడిచాడు.

"ఇవి మా పాత దీపాలేనా?"

"పాత దీపాలే అయ్యా. పాత బల్బులే."

అప్పుడు మనవడు మెల్లిగా అడిగాడు. "మరి కొత్తవి బిగించరా అండీ?"

ఎలక్ట్రీషియన్ సుద్దముక్క తీసుకుని సిమెంటు గచ్చు మీద రాశాడు. ఈ బండి డైనమో రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు ఇచ్చేది 22 ఆంపియర్లు. ఆగి ఉన్నప్పుడు ఇంచుమించు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లు రెండింటికీ తొమ్మిది. సైడు దీపాలు, వెనక దీపాలు, నంబరు పలక దీపం కలిపి రెండు. ఇంజను కాయిలుకి నాలుగు. మిగిలేది ఏడు. అందులోంచే వైపరు, హారను, బ్రేకు దీపం. అందులోంచే బ్యాటరీకి తిరిగి పొయ్యాలి. "నువ్వు బిగించిన బంపరు దీపాలకి పదిహేడు, పైన బారుకి పది. ఏడున్న చోట ఇరవై ఏడు ఎక్కడ తెస్తావు?"

మేస్త్రీకి వెంటనే తెలిసిపోయింది. "ఒరే, గాడిపొయ్యి ఒకటే ఉంది. దాని మీద నాలుగు గుండిగలు పట్టేచోట పది ఎక్కిస్తే ఒక్కటీ ఉడకదు. అంతే కదండీ?"

"అంతే అయ్యా. ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఎక్కడ వెలుగు కావాలి?"

మేస్త్రీ వరసగా చెప్పాడు. డిక్కీకి అయిదు వాట్ల దీపం పెట్టాడు ఎలక్ట్రీషియన్, మూత తీస్తే వెలిగేలా, వేస్తే ఆరేలా. బానెట్టు కింద ఇంకొకటి అలాంటిదే. గేరు వెనక్కి వేస్తేనే వెలిగే రివర్సు దీపం ఒకటి. పాత్రల కుర్రాడి కోసం పది వాట్ల ఎల్‌ఈడీ దీపం, పొడుగాటి తీగతో, బండి ఆగినప్పుడు సాకెట్లో గుచ్చుకునేలా. దేని ఫ్యూజు దానికి. ఒకటి పోతే మిగతావి ఆరకూడదు. నూరేసి వాట్ల దీపాలు రెండూ, పైన బారూ విప్పి, గుడ్డలో చుట్టి మనవడి చేతిలో పెట్టాడు.

డబ్బులు ఇవ్వబోతుంటే ఎలక్ట్రీషియన్ వారించాడు. "ఉండండి. ఇంకా పని అయిపోలేదు. బండి వెనక్కి రండి."

అందరూ వెనక్కి వెళ్లారు. ఆయన లోపలికి వెళ్లి స్విచ్చి వేసి, బ్రేకు తొక్కాడు. ఎడమ పక్క వెనక దీపం వెలగలేదు. కుడి పక్కది వెలిగింది గానీ, పులుసు, మసి, ఏళ్ల దుమ్ము పట్టి ఎర్ర అద్దం గోధుమరంగుకి తిరిగింది. పట్టపగలు, నాలుగడుగుల దూరంలోనే వెలుగుతోందో లేదో వంగి చూసుకోవాల్సి వచ్చింది.

"ఆ రాత్రి ట్రాక్టరు మీకు కనబడలేదన్నారు" అన్నాడు ఎలక్ట్రీషియన్. "మీ వెనక వచ్చేవాడికి మీరు ఇన్నాళ్లూ కనబడ్డారా? ముందుకి ఏం కావాలో ఇంటిల్లిపాదీ పట్టీ రాసిచ్చారు. వెనక దీపం ఒక్కరూ అడగలేదు."

మనవడు తల ఎత్తలేదు. క్రితం రాత్రి సెల్‌ఫోను దీపం పట్టుకుని నిలబడింది వాడే. తర్వాత తనే గుడ్డ తడిపి తెచ్చి, ఎర్ర అద్దాలు విప్పి, సబ్బుతో కడగడం మొదలుపెట్టాడు. ఎలక్ట్రీషియన్ కొత్త బల్బులు వేసి, వెనక ఎర్తు గీకి బిగించాడు. బంపరుకి రెండు పక్కలా ఎర్రటి రిఫ్లెక్టర్లు అంటించాడు. వాటికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ చచ్చినా పనిచేస్తాయి.

తర్వాత కూడా మేస్త్రీ చాలా పెళ్లిళ్లు వండాడు. గుడ్డలో చుట్టిన దీపాలు మనవడు అమ్మేశాడు. ఆ డబ్బుతో ఎర్ర రిఫ్లెక్టరు టేపు చుట్టలు కొన్నాడు. చెరకు రోజుల్లో, టీ కొట్ల దగ్గర ఆగి ఉన్న ట్రైలర్ల యజమానుల్ని అడిగి, వెనక చెక్కలకి అంటిస్తూ వచ్చాడు.

నీతి: నీకు దారి కనబడాలని దీపం పెట్టుకునే ముందు, నువ్వు ఎదుటివాడికి కనబడుతున్నావో లేదో చూసుకో. కొత్త దీపం కొనే ముందు, ఉన్న దీపం వెలుగు ఎక్కడ పోతోందో వెతుకు.

ఈ నీతి బండికి ఎంత నిజమో ముందు చూద్దాం. తీగ వేడెక్కి మెరిసే బల్బుల్లో, అంటే పాత బల్బుల్లోనూ హాలొజన్ బల్బుల్లోనూ, వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు, మూడో వంతు దాకా పోతుంది. కథలో 12.2 ఉండాల్సిన చోట 10.4 వచ్చింది కదా, అక్కడ పోయిన వెలుగు నూటికి నలభై పాళ్లు. పాత కారు దీపాలు మసకగా ఉన్నాయని మనం బల్బుని తిడతాం, కంపెనీని తిడతాం, పెద్ద బల్బు కొనేస్తాం. పెద్ద బల్బు ఆ తుప్పు పట్టిన దారిలోంచే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దారిలో ఇంకా ఎక్కువ పోతుంది. తీగ కాలుతుంది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఎమరీ కాగితం, రెండు రింగులు, ఒక పూట శ్రమ. కానీ అందులో చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఎర్తు గీకించానని ఎవరూ వీధిలో పిలిచి చూపించరు. మనం బాగుచేయించుకోవడం మాని కొత్తది తగిలించడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. పంచాయతీ వీధిదీపాల్లో కూడా ఇదే చూస్తాం. పాత స్తంభం తీగ బాగుచెయ్యరు, పక్కన కొత్త స్తంభం పాతుతారు.

ఇక ఎదుటివాడి కళ్ల సంగతి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి పదహారు మీటర్లకి పైగా పోతుంది. ఎదుటి దీపం కంట్లో కొట్టి రెండు సెకన్లు ఏమీ కనబడకపోతే, ముప్పై మూడు మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. కుర్ర కళ్లు తొందరగా తేరుకుంటాయి. అరవై ఏళ్ల కంట్లో రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంట్లో చేరేదానిలో మూడో వంతే, తేరుకోవడం కూడా ఆలస్యమే. పాల మోపెడ్లు, కూరగాయల సైకిళ్లు తెల్లవారుజామున నడిపేవాళ్లలో ఆ వయసువాళ్లూ ఉంటారు. హాలొజన్ కోసం చేసిన అద్దం డొప్పలో సంతలో కొన్న ఎల్‌ఈడీ బల్బు గుచ్చితే జరిగేదీ ఇదే. ఆ డొప్ప వంపు, సన్నటి తీగ ఏ చోట మెరుస్తుందో ఆ చోటుకి లెక్కకట్టి చేసింది. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగితే చాలు, రోడ్డు మీద పడాల్సింది చెట్ల మీద, మనుషుల కళ్ల మీద పడుతుంది. నడిపేవాడికి మాత్రం తెల్లగా కనబడి బాగున్నట్టే ఉంటుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఈ సంగతిని ఎంత వివరంగా పట్టించుకున్నాయో చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. 106వ నియమం ప్రకారం ముందు దీపం కాంతి కిందికి వంగి ఉండాలి. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. ఆ కన్ను ఎవరిదో ఆలోచించండి. ఎదురుగా మోపెడ్ మీద వచ్చేవాడిది, రోడ్డు పక్కన నడిచేవాడిది. చట్టం రాసినవాళ్లు బండి ముందు ఒక మనిషిని నిలబెట్టి, అతని కంటిలోంచి చూసినట్టు రాశారు. 111వ నియమం ముందు భాగంలో స్పాట్‌లైటు, సెర్చిలైటు పెట్టుకోవడాన్నే నిషేధించింది. అసాధారణ పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతితో తప్ప. 108వ నియమం వెనక్కి ఎరుపు తప్ప వేరే రంగు చూపకూడదంటుంది. కానీ పనికి కావలసిన వెలుగుకి చోటిస్తుంది: వెనక్కి నడిపేటప్పటి తెల్లదీపం, నంబరు పలక దీపం, ట్రాక్టరు నాగలి దున్నేచోట పడే దీపం. అవసరానికి పెట్టుకునే దీపం తప్పని ఏ నియమమూ అనలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది చెరకు బండ్లు. లింగారెడ్డిపాళయం సహకార చక్కెర మిల్లు నడిచిన రోజుల్లో పుదుచ్చేరి చుట్టుపక్కల రోడ్లు రాత్రుళ్లు ట్రైలర్లతో నిండేవి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో, నిజామాబాదు, చిత్తూరు వైపు మిల్లుల దారుల్లో కూడా జనం ఈ భయం ఎరుగుదురు. ట్రైలరుకి దీపం ఉన్నా గడలు బయటికి వేలాడి కప్పేస్తాయి. దీనికి కావలసింది పెద్ద సాంకేతికత కాదు. రెండు ఎర్రదీపాలు, రెండు ఇండికేటర్లు ఉన్న ఒక పలక, ట్రాక్టరు సాకెట్లో గుచ్చుకునే తీగ. లోడు ఎత్తాక గడల వెనకాల వేలాడదీసి, కాటా దగ్గర విప్పి తెచ్చుకోవాలి. ప్రతి మిల్లూ తన రైతులకి ఇవి ఇచ్చి, కాటా చీటీ రాసేటప్పుడు పలక ఉందా అని అడగడం మొదలుపెడితే ఒక్క సీజనులో తేడా కనబడుతుంది. రోడ్డు మీద పోయిన ప్రాణాల లెక్క ముందు ఆ పలకల ఖర్చు లెక్కలోకి రాదు.

పాత బండి ఉన్నవాళ్లకి ఒక మాట. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ పరీక్షలో దీపాలూ చూస్తారు. అప్పటిదాకా ఆగకండి. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు "లైటు డల్లుగా ఉంది, మార్చండి" అనకుండా, "దీపం వెలుగుతుండగా బల్బు మొనల మీద మీటరు పెట్టి చూపించండి" అని అడగండి. బ్యాటరీ మొనల మీది కొలతకీ దానికీ అర వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే బల్బు జోలికి పోనివ్వకండి, ఎర్తు విప్పించండి. డిక్కీకీ, బానెట్టుకీ దీపం వేయించుకోవాలనుకుంటే హాయిగా వేయించుకోండి, దేని ఫ్యూజు దానికి ఉండేలా. బ్రేకు దీపం చూడటానికి రెండో మనిషి లేకపోతే, రాత్రి పూట బండిని గోడకి దగ్గరగా వెనక్కి నిలిపి, బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు ఎర్రటి మరకలు ఒకే సైజులో పడాలి. ఒకటే పడితే మర్నాడు పొద్దున్న ముందు ఆ పని చూసుకుని, తర్వాత బండి బయటికి తియ్యండి.